బావ కుడి చెయ్యి

పోయిన నెల నాచారంలో అద్దె ఇల్లు ఖాళీ చేసి పీర్జాదిగూడ ఫ్లాటుకు మారాం. సామాను దించడానికి వచ్చిన వాళ్లలో పెద్దాయన మా బీరువాను మెట్ల మలుపు దగ్గర గోడకు ఆనించి, ఆయాసం తీరేదాకా నిలబడి, అరచేత్తో దాని తలుపును పైనుంచి కిందికి నిమిరాడు. “ఏడ కొట్టిచ్చిన్రు సార్ గీ రంగు? ఒక్క చార లేదు, ఒక్క బొట్టు జారలే,” అన్నాడు. మా బావ కొట్టాడని చెప్పాను. వచ్చే ఎండాకాలం బిడ్డ పెళ్లి ఉందనీ, బావ ఫోన్ నంబరు ఇస్తే తనూ ఒక బీరువా చేయించుకుంటాననీ అన్నాడు. ఆయన ఆ పని మానేశాడని చెప్పి ఊరుకున్నాను. అది అబద్ధమేమీ కాదు. కాని మానేశాడంటే ఎవరైనా ఇష్టపడి మానేశాడనే అనుకుంటారు. ఆ సాయంత్రం అట్టపెట్టెల మధ్య కూర్చుని, బీరువాలో బట్టలు సర్దుతున్న మా ఆవిడను చూస్తూ ఉంటే, బావ సంగతంతా మొదటి నుంచీ గుర్తుకొచ్చింది.

బావ అంటే మా అక్క భర్త. జనగామ వైపు నుంచి మీసాలు కూడా రాని వయసులో వచ్చి, నాచారం పారిశ్రామికవాడలో ఇనుప బీరువాలు చేసే ఒక షెడ్డులో చేరాడు. రేకు కత్తిరించేవాళ్లు, వెల్డింగు చేసేవాళ్లు, అరలు బిగించేవాళ్లు వేరే ఉండేవారు. చివరన రంగు కొట్టడం మాత్రం బావ పని. మూతికి తువ్వాలు చుట్టుకుని, కుడి చేతిలో స్ప్రే గన్ను పట్టుకుని, బీరువా ముందు ఈ చివర నుంచి ఆ చివరికి చెయ్యి ఆడించేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆ రోజు ఏ రంగు కొట్టాడో ఆయన కనుబొమలు చూస్తే తెలిసేది. మా బంధువుల ఇళ్లలో ఏ పెళ్లి జరిగినా బీరువా ఆ షెడ్డు నుంచే రావాలి, రంగు బావ చేతి మీదుగానే పడాలి. మా ఇంటి బీరువాకు ఆయన కొట్టిన రంగుకు ఇప్పటికీ పేరు లేదు. ఆకుపచ్చకూ సిమెంటు రంగుకూ మధ్య ఏదో. కొత్తగా కాపురానికి వచ్చిన మా ఆవిడ దాన్ని చూసి మొహం చిన్నబుచ్చుకుంటే, “గీ రంగు హైదరాబాద్ మొత్తంల ఇంకెవ్వరింట్ల ఉండది చెల్లె,” అన్నాడు బావ. నిజమే, ఉండదు. ఎవరివో రెండు బీరువాలకు కొట్టగా మిగిలిన డబ్బాలు కలిపి కొట్టాడని తరవాత తెలిసింది. అడిగితే భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. ఆయన నవ్వు మొదలైతే పక్కింటివాళ్లకు టీవీ వినపడేది కాదు.

వానాకాలంలో ఒక సాయంత్రం ఉప్పల్ నుంచి పీర్జాదిగూడ వైపు బండి మీద వెళుతుంటే కుక్క అడ్డం వచ్చింది. బ్రేకు వేశాడు, తడి రోడ్డు మీద బండి జారింది. తలకు హెల్మెట్ ఉంది కాబట్టి తలకేమీ కాలేదు. ఎగిరి కుడి భుజం మీద పడ్డాడు, మెడ మాత్రం ఎడమ వైపుకు విరుచుకుపోయింది. చూసినవాళ్లు చెప్పారు: ఆయన తనంతట తనే లేచి కూర్చున్నాడట. కుక్క ఎటు పోయిందని అడిగాడట. తరవాత ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని, ఎవరిదో వస్తువు తెచ్చి పెట్టినట్టు, ఒళ్లో పెట్టుకున్నాడట.

దవాఖానాలో ఎక్స్‌రే తీసి ఒక్క ఎముకా విరగలేదన్నారు. మేము ఎంత సంతోషపడ్డామంటే, కారిడార్‌లో నిలబడే బంధువులందరికీ ఫోన్లు చేశాం. అక్క దండం పెట్టని దేవుడు లేడు. రెండో రోజు పెద్ద డాక్టర్ వచ్చి, బావ వేళ్లను ఒక్కొక్కటే పట్టి చూసి, సూదితో గుచ్చి చూసి, ఇంకో పరీక్ష రాశాడు. ఆ ఫలితం చూశాక నన్ను పక్కకు పిలిచి, “ఎముక విరిగినా బాగుండేది,” అన్నాడు. మెడ దగ్గర వెన్నుపాము నుంచి చేతికి దిగే నరాలు అయిదూ దెబ్బ తిన్నాయి. కొన్ని వేర్లతో సహా ఊడివచ్చాయి. చెయ్యి బాగానే ఉంది, కండలు బాగానే ఉన్నాయి, వాటికి కబురు అందించేది మాత్రం ఏదీ లేదు. ఆ మాట అక్కకు ఎలా చెప్పాలో తెలియక, నరం కొంచెం బెణికిందట అన్నాను. అక్క తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

అప్పటి నుంచి రోజూ పొద్దున బావను స్కూటర్ ఎక్కించుకుని, వాళ్లుండే చిల్కానగర్ నుంచి నాచారంలో ఫిజియోథెరపీ చేసే చోటుకు తీసుకెళ్లడం నా పని. నేను రైల్వే ఆఫీసులో గుమాస్తాను. కొంచెం ఆలస్యంగా వెళితే రైళ్లేమీ ఆగిపోవు. మందుల షాపు పైన ఒక పొడుగాటి హాలు, నాలుగు మంచాలు, గోడకు కప్పీ తాడు, ఒక పెద్ద అద్దం. నడిపే ఆవిడ ఘట్‌కేసర్ నుంచి రోజూ వచ్చేది. ముప్పై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడేది, అబద్ధం ఆడేది కాదు. మొదటి రోజు బావ మెడ నుంచి చేతికి వేసిన పట్టీ విప్పి, “అన్నా, మీ చెయ్యి కింద నా అరచెయ్యి తీసేస్తున్న, జర సూడున్రి,” అని మెల్లగా వదిలింది. చెయ్యి వేలాడింది. భుజం దగ్గర గుంట పడింది. మనిషి చెయ్యి ఇంత బరువుంటుందని అంతకుముందు మాకెవరికీ తెలియదు. భుజం కీలు ఒక తలుపు బందులాగా బిగించి లేదనీ, చుట్టూ ఉన్న కండలే దాన్ని రాత్రింబవళ్లు పట్టుకుని ఉంటాయనీ, అవి వదిలేస్తే చెయ్యి తన బరువుకు తానే కీలు నుంచి జారుతుందనీ ఆవిడ చెప్పింది. “మనం ఊకెనే కూసున్నం అనుకుంటం గాని, కండలు ఊకె ఉండయి అన్నా,” అంది.

అక్కకు అసలు సంగతి చెప్పి, ఏం చెయ్యాలో కూడా నేర్పింది. వేళ్లు ఒక్కొక్కటి మడిచి తెరవాలి, మణికట్టు వంచాలి, మోచెయ్యి చాచాలి, భుజాన్ని మెల్లగా పక్కకు తిప్పాలి. రోజూ చెయ్యాలి. ఎప్పుడైనా నరం వస్తే, అప్పటికి కీళ్లు బిగుసుకుపోయి ఉంటే లాభం లేదు. అక్క బడిలో ఆయాగా చేరింది ఆ రోజుల్లోనే. పొద్దున వంట, పగలు బడి, దీపాలు పెట్టే వేళకు బావ చెయ్యి. ఆ చేతికి ఏమీ తెలిసేది కాదు. ఒకసారి వేడి చాయ్ గ్లాసు ఆనుకుని ఉన్నా చూసుకోక తోలు ఊడింది. కాని విచిత్రమేమంటే, ఏమీ తెలియని ఆ చేతిలోనే మంట పుట్టేది. మాట్లాడుతూ మాట్లాడుతూ బావ గట్టిగా కళ్లు మూసుకునేవాడు. “గోర్ల సందుల మిరపపొడి కూరినట్టు ఉన్నది బామ్మర్ది,” అనేవాడు. నరాలు తెగిన చోట వెన్నుపాము కబురు కోసం ఎదురుచూసి, రాక, తనే ఏదో ఒకటి పుట్టిస్తుందని ఆవిడ చెప్పింది. మందులిస్తే నిద్ర వచ్చేది, మంట పోయేది కాదు.

ఒక రోజు ఆవిడ బావను స్ప్రే ఎలా చేసేవాడో ఎడమ చేత్తో చూపించమంది. బావ హుషారుగా లేచి అద్దం ముందు నిలబడ్డాడు. గన్ను రేకుకు ఎప్పుడూ ఒకే దూరంలో ఉండాలట. మణికట్టు విసనకర్రలాగా ఆడిస్తే మధ్యలో రంగు మందంగా, అంచుల్లో పలచగా పడుతుందట. ఆవిడ ఆ చేతి మీద వేలు పెట్టి ఒక్కొక్క చోటే చూపించింది. చెయ్యి తిన్నగా పోవాలంటే భుజం తిరగాలి, భుజం తిరిగేంతలో మోచెయ్యి విప్పుకోవాలి, మోచెయ్యి విప్పుకునేంతలో మణికట్టు వెనక్కి వాలాలి, వీపు మీద రెక్క ఎముక జరగాలి, కాళ్లు బరువు మార్చుకోవాలి. ఏ ఒక్కటి ముందు వెనకైనా గీత వంకర పోతుంది. “ఇన్నేండ్లు గిదంతా తెల్వకుంటనే చేసిన్రా?” అంది ఆవిడ. “తెలిస్తే చెయ్యకపోతుంటి మేడం,” అన్నాడు బావ. అందరం నవ్వాం. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం స్కూటర్ అద్దంలో చూస్తే, ఆయన ఎడమ చేత్తో పట్టీలోని కుడి మోచేతిని తడిమి చూసుకుంటున్నాడు. పోయినదాని లెక్క ఆయనకు ఆ రోజే తెలిసిందనుకుంటాను.

కొన్ని నెలలకు ఆపరేషన్ చేశారు. పక్కటెముకల మధ్య, ఊపిరి తీసుకోవడానికి పనికొచ్చే నరాల్లో రెండింటిని తెచ్చి, మోచెయ్యి వంచే కండ నరానికి కలిపారు. ఊపిరికి ఇంకా చాలా నరాలున్నాయి, రెండు పోతే ఇబ్బంది లేదన్నారు. ఆ కొత్త నరం పెరుగుతూ కండ దాకా చేరాలి. నెలంతా కలిపి ఒక వేలి గణుపంత పెరుగుతుందట. అంతవరకూ గట్టిగా ఊపిరి పీలుస్తూ మోచెయ్యి వంచుతున్నానని అనుకుంటూ ఉండాలి. బావ మంచం మీద పడుకుని, కళ్లు మూసుకుని, ఊపిరి పీలుస్తూ ఉండేవాడు. చెయ్యి పక్కన పడి ఉండేది. అప్పుడప్పుడు కండ మీద పట్టీలు అంటించి కరెంటు పెట్టేవారు. అప్పుడు మాత్రం కండ ఎగిరి, వేళ్లు తుళ్లిపడేవి. “కరెంటు పోకుంటే సాలు, నేను మంచిగనే ఉన్న,” అనేవాడు బావ.

అలా ఒక వాన పోయి మళ్లీ వాన వచ్చింది. ఒక పొద్దున ఆవిడ బావ దండచేతి మీద రెండు వేళ్లు ఆనించి ఊపిరి పీల్చమంటోంది. పక్క మంచం మీద మోకాలి ఆపరేషన్ అయిన ముసలమ్మ ఉంది. కాలు ఎత్తమ్మా ఎత్తమ్మా అని సహాయకురాలు బతిమాలుతుంటే, ఆ ముసలమ్మ విసుక్కుని, “నా కాలు నా మాట ఎన్నడిన్నది బిడ్డా, అచ్చం మా ముసలోని లెక్కనే,” అంది. బావ ఒక్కసారిగా నవ్వాడు. కసరత్తు చేయించే ఆవిడ వేళ్లు బావ చేతి మీదే బిగుసుకున్నాయి.

“ఆగున్రి అన్నా. మళ్లొక్కపారి నవ్వున్రి.”

“నవ్వుమంటె ఎట్ల నవ్వాలె మేడం?”

“నేను మళ్ల చెప్పాల్నా?” అంది ముసలమ్మ ఉత్సాహంగా. చెప్పింది గాని, ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. చివరికి కసరత్తు చేయించే ఆవిడే దగ్గమంది. బావ దగ్గాడు. నన్ను కూడా పిలిచి వేలు పెట్టి చూడమంది. ఆయన దగ్గినప్పుడల్లా చర్మం కింద ఏదో సన్నగా కదిలి ఆగిపోతోంది. ఆ నరం ఇంకా ఊపిరి పనే చేస్తున్నాననుకుంటుందనీ, అందుకే నవ్వినా దగ్గినా తుమ్మినా చెయ్యి కదులుతుందనీ ఆవిడ చెప్పింది. దానికి ఇక కొత్త పని నేర్పాలట. బావ తల తిప్పి తన చేతినే చూసుకుంటూ ఉండిపోయాడు. ఆ సాయంత్రం అక్క ఆ కండ మీద చెయ్యి పెట్టుకుని ఆయన్ని ఎన్నిసార్లు దగ్గించిందో, పక్కింటాయన వచ్చి కషాయం పంపించమంటారా అని అడిగాడు.

తరవాత కొన్ని నెలలు మా ఇళ్లలో పండగలాగే గడిచింది. బావను నవ్వించడం అందరికీ ఒక బాధ్యత అయింది. దూరపు చుట్టాలు కూడా ఫోన్ చేసి జోకులు చెప్పేవారు. నేను కూడా ఆఫీసులో విన్నవి గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పేవాణ్ని. నా జోకులకు ఆయన కండ ఒక్కసారి కూడా కదల్లేదు. ఆవిడ నున్నటి చెక్క మీద పౌడరు చల్లి, బావ చేతిని దాని మీద పెట్టి, ఊపిరితో పాటు వంచమనేది. చెయ్యి పౌడరులో చిన్న గీత గీసుకుంటూ జరిగేది. ఆ గీత రేపు ఇంకొంచెం పొడుగవుతుందని మేమందరం అనుకున్నాం. పొడుగు కాలేదు. నెల తరవాత నెల అదే గీత. చెక్క తీసేసి చేతిని గాలిలో వంచమంటే కండ అదిరేది గాని చెయ్యి లేచేది కాదు. తన బరువు తాను ఎత్తుకునేంత బలం దానికి రాలేదు. వేళ్లలో అసలేమీ రాలేదు.

ఒక ఆదివారం బావ మమ్మల్ని పిలిపించాడు. హాలు మధ్యలో నిలబడి, పట్టీ తీసేసి, “సూడున్రి,” అని చేతిని ఎత్తాడు. నిజంగానే మోచెయ్యి వంగి చెయ్యి పొట్ట దాకా వచ్చింది. అక్క నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. మర్నాడు అదే ఆవిడకు చూపించాడు. ఆవిడ చూసి, ఒక చేత్తో ఆయన భుజాన్ని, ఇంకో చేత్తో వీపును కదలకుండా పట్టుకుని, “ఇప్పుడు ఎత్తున్రి,” అంది. చెయ్యి లేవలేదు. నడుము వెనక్కి విరిచి, భుజం ఎగరేసి, ఆ ఊపుకు చేతిని ముందుకు విసురుతున్నాడు అంతే. “ఒళ్లు మస్తు తెలివిగలది అన్నా. ఒకటి పని చెయ్యకుంటె పక్కది వచ్చి చేస్తది. బాగైనట్టే కనపడ్తది,” అంది ఆవిడ.

ఆ తరవాతే బావ షెడ్డుకు వెళ్లాడు. సేటు మంచివాడే. వచ్చి కూర్చో, కొత్త కుర్రాళ్లకు చెబుతూ ఉండు అన్నాడు. బావ ఎడమ చేత్తో గన్ను తీసుకుని ఒక తలుపుకు కొట్టి చూశాడు. వేలాడే చెయ్యి ఒంటిని కుడి వైపుకు లాగుతుంటే, నిలదొక్కుకోవడానికే ఆయన శక్తి అంతా పోయింది. రంగు జారింది. కొత్త మనిషి గుడ్డతో తుడిచి మళ్లీ కొట్టాడు. బావ అక్కడ చాయ్ తాగి, అందరితో మాట్లాడి, ఇంటికి వచ్చాడు. ఇక ఆ దారిన పోలేదు.

మూడో వానాకాలం కూడా పోయాక, ఒక రోజు కసరత్తు అయిపోయి ఆవిడ పట్టీ బిగిస్తుంటే బావ అడిగాడు. “మేడం, ఒక్క మాట. గిది ఇంక పెరుగుతదా?”

ఆవిడ పట్టీ బిగించడం పూర్తి చేసింది. ముడి సరిచూసింది. “పెరగదు అన్నా. రావాల్సింది ఇప్పటికే రావాలె.”

“మరి మా ఇంట్లామె రోజు వంచుతది. బంద్ చెయ్యుమంటరా?”

“వద్దు. బంద్ చేస్తె కీళ్లు పట్టేస్తయి, నొప్పి ఇంకా ఎక్కువైతది.”

“అంటె బాగుగాకున్న చెయ్యాలె.”

“ఇట్లనే ఉండనీకి చెయ్యాలె,” అంది ఆవిడ. ఆవిడ కళ్లలో నీళ్లేమీ లేవు. తరవాతి పేషెంటు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కాని ఆ రోజు మమ్మల్ని మెట్ల కింద దాకా వచ్చి సాగనంపింది.

హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బావ వెనక నుంచి, “రేపట్నుంచి నువ్వు ఆఫీసుకు టైముకు పోవచ్చు బామ్మర్ది,” అన్నాడు. ఇంటికి వెళ్లాక ఆయనే అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాడు. అక్క విని వంటింట్లోకి వెళ్లింది. దీపాలు పెట్టే వేళకు మామూలుగానే వచ్చి, ఆయన పక్కన కూర్చుని, కుడి చేతిని ఒళ్లోకి తీసుకుంది.

“ఇంకెందుకే?” అన్నాడు బావ.

“మేడం ఆపుమన్నదా?”

“లే.”

“మరి సప్పుడు జెయ్యక టీవీ సూడు.”

ఆ మాట మీద కొన్నాళ్లు నడిచింది. తరవాత ఆయనే వద్దనడం మొదలుపెట్టాడు. ముందు తలనొప్పి అన్నాడు, తరవాత నిద్ర అన్నాడు, ఒక రోజు చేతిని లాగేసుకున్నాడు. నేను కోప్పడితే, “బాగైతదని చేసినన్ని రోజులు మంచిగనే ఉండె. ఇప్పుడు ఆమె ఒక్కొక్క వేలు మడిచినప్పుడల్లా ఇది రాదని యాదికొస్తది. రోజు యాద్ చేస్కోవాల్నా?” అన్నాడు. అక్క కూడా పంతానికి పోయి వదిలేసింది. ఒక చలికాలం అంతా ఎవరూ ఆ చేతిని ముట్టుకోలేదు. వేళ్లు లోపలికి ముడుచుకున్నాయి, భుజం బిగుసుకుపోయింది. చొక్కా తొడగాలంటే ఇద్దరూ కష్టపడాల్సి వచ్చేది, మంట రెట్టింపయింది. ఆఖరికి అక్కే మళ్లీ పట్టుకుంది, ఆయన అడ్డు చెప్పలేదు. కాని ముడుచుకున్న వేళ్లు మళ్లీ పూర్తిగా తెరుచుకోలేదు. ఎంత కష్టపడినా ఉన్నది పోకుండా చూసుకోవడమే గాని, పోయింది రాదని ఆవిడ చెప్పింది ఆ ఇంట్లో అలా రుజువైంది. బావ ఇప్పుడు పెద్దగా నవ్వడు. నవ్వితే పట్టీ లోపల చెయ్యి అదురుతుంది, అది ఆయనకు ఇష్టం ఉండదు.

కొత్త ఫ్లాటులో కాస్త కుదురుకున్నాక, మొన్న ఆదివారం చిల్కానగర్ వెళ్లాను. ఇంటి ముందు ఎండలో బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అక్క చిన్న పీట మీద కూర్చుని ఆయన గోళ్లు తీస్తోంది. ప్రతి ఆదివారంలాగే ఎడమ చేతివి అయిదూ తీసి, దులిపి, లేవబోయింది. కుడి చేతివి మర్చిపోయినట్టున్నావని అన్నాను.

“మర్సిపోలే. గా చేతికి గోర్లు జల్ది పెరగయిరా. నెలకొక్కపారి తీస్తె సాలు,” అంది అక్క, కొంగు దులుపుకుంటూ లోపలికి వెళుతూ.

నేను ఆ చేతి వైపు చూశాను. బావ కూడా చూశాడు. సన్నబడి, నునుపు తేలి, ఎండలో అది ఎవరో చిన్నవాళ్ల చెయ్యిలా ఉంది. ఆయన ఎడమ చేత్తో కుడి చేతిని తీసి నీడలోకి జరుపుకున్నాడు. కాలం అందరికీ ఒకేలా నడుస్తుందనుకునేవాణ్ని. మా బావ ఎడమ చేతికి వారం తిరిగేసరికి మళ్లీ ఆదివారం వచ్చేస్తుంది. కుడి చేతికి మాత్రం ఎక్కడికీ పోయే తొందర లేదు.